చున్నీ కింద మచ్చ, అరవై మంది మీటింగు

ప్రశ్న: మాది పార్వతీపురం వైపు. మా ఆయన నాయబ్ సుబేదార్, ఇప్పుడు సికింద్రాబాద్‌లో పోస్టింగు. క్వార్టర్స్‌లో గొడవలు, కొట్టుకోవడాలు తగ్గించే కార్యక్రమం నడపమని సీఓ (యూనిట్ కమాండింగ్ ఆఫీసర్) గారి భార్య, మా సీఓ మేడమ్, నాకు అప్పజెప్పారు. రెండు వెల్ఫేర్ మీట్లు పెట్టాను. అరవై మంది వచ్చారు, టీ తాగారు, ఒక్కరూ నోరు విప్పలేదు. మొన్న మా బ్లాక్‌లోని సిపాయి భార్య, ఇరవై మూడేళ్ల పిల్ల, మా ఇంటికొచ్చి చున్నీ తీసి మెడ మీద కమిలిన మచ్చ చూపించింది. ఆమె భర్త ఫీల్డ్ నుంచి, అంటే కుటుంబాన్ని తీసుకెళ్లలేని పోస్టింగు నుంచి, వచ్చి నెలన్నర. "ఎవరికీ చెప్పొద్దక్కా, ఆయన ఉద్యోగం పోతుంది" అని ఒట్టు వేయించుకుంది. మా ఆయనేమో "మొగుడూ పెళ్లాల మధ్య దూరకు, యూనిట్ పరువు పోతుంది" అంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, మీట్ల సంగతి తర్వాత. ముందు ఆ మచ్చ సంగతి చూద్దాం.

మెడ మీద కమిలిందంటే గొంతు నొక్కి ఉండొచ్చు. చెంపదెబ్బా, గొంతు నొక్కడమూ ఒకటి కావు. గొంతు నొక్కిన భర్త చేతిలో ఆ తర్వాత ప్రాణం పోయే ప్రమాదం ఏడు రెట్లకు పైగా పెరుగుతుందని అమెరికాలో 2008లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. పైకి మచ్చ చిన్నదిగా కనిపించినా లోపల రక్తనాళానికి దెబ్బ తగిలి ఉండొచ్చు. దాని లక్షణాలు కొన్ని గంటలకో, కొన్ని రోజులకో, ఒక్కోసారి వారాలకో బయటపడతాయి. ఆ అమ్మాయిని ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి: గొంతు బొంగురుపోయిందా? మింగితే నొప్పిగా ఉందా? కళ్లల్లో ఎర్ర చుక్కలు వచ్చాయా? అప్పుడు కళ్లు తిరిగాయా, తెలియకుండా మూత్రం పోయిందా? తలనొప్పి ఉందా? నెల తప్పిందా? వీటిలో ఒక్కదానికి "అవును" అన్నా అదే రోజు ఎంఐ రూమ్‌కో (యూనిట్ వైద్య పరీక్షల గది) మిలిటరీ హాస్పిటల్‌కో తీసుకెళ్లండి. అన్నిటికీ "లేదు" అన్నా చూపించడమే మేలు. డాక్టరు దగ్గర "మెట్ల మీద పడ్డాను" అని మాత్రం చెప్పనివ్వకండి. ఆ ఒక్క వాక్యం కాగితం మీద పడిందంటే రేపు ఆమె ఏం చెప్పినా దానికి అడ్డొస్తుంది.

ఇంకో నాలుగు విషయాలు కనుక్కోండి. ఈ మధ్య దెబ్బలు ఎక్కువయ్యాయా? చంపుతాననిగానీ చస్తాననిగానీ అన్నాడా? ఆమె ఫోను లాక్కుంటున్నాడా? పిల్లల మీద చెయ్యి పడిందా? సర్వీసు రైఫిలు ఇంటికి రాదు, కోత్‌లోనే (ఆయుధాలు దాచే గది) ఉంటుంది. కానీ గార్డు డ్యూటీ రాత్రి అది అతని చేతిలోనే ఉంటుంది. అందుకే "చస్తాను, చంపుతాను" అన్న మాట వినపడితే తెల్లారేదాకా ఆగకూడదు. కంపెనీ కమాండర్‌కూ యూనిట్ డాక్టరు ఆర్‌ఎంఓకూ ఆ రాత్రే తెలియాలి, అతన్ని ఆయుధం ఉండే డ్యూటీ నుంచి తప్పించాలి.

మరి ఒట్టు? అది వేయకుండా ఉండాల్సింది. వేశారు కాబట్టి మళ్లీ వెళ్లి ఆమెకే చెప్పండి: "నీ మాట ఊళ్లో వేయను. ప్రాణం మీదికొచ్చినా, పిల్లలకు దెబ్బ తగిలినా, అతను చస్తానన్నా మాత్రం దాచలేను. అప్పుడు ఎవరికి చెబుతానో ముందు నీకే చెబుతాను." రేపటి నుంచి ఎవరొచ్చినా, వాళ్లు నోరు తెరవకముందే ఈ మాట చెప్పేయండి.

చేయకూడనివి రెండు. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టొద్దు. సుబేదార్ మేజర్ సాబ్ పిలిచి "సర్దుకోండి" అని చేతులు కలిపిస్తే ఆఫీసులో బాగానే ఉంటుంది, ఇంటికెళ్లి తలుపేసుకున్నాక "నా పరువు తీశావు" అని మొదలవుతుంది. అత్తమామలకు ఫోను చేయడం కూడా అంతే.

ఆ అమ్మాయితో కూర్చుని ఒక ఏర్పాటు చేయండి. ఆధార్, డిపెండెంట్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, పెళ్లి నమోదైన పార్ట్ టూ ఆర్డర్ (సర్వీసు రికార్డులో ఎక్కించే ఉత్తర్వు) కాపీ, కొంచెం డబ్బు, ఒక ఛార్జరు కూరగాయల సంచీలో పెట్టి పక్కింట్లో ఉంచాలి. గొడవ మొదలైతే వంటింట్లోకి వెళ్లొద్దు, అక్కడ కత్తిపీట ఉంటుంది. బాత్రూమ్‌లోకీ వద్దు, బయటికి దారి ఉండదు. వీధి తలుపున్న గదిలోనే ఉండాలి. పక్కింటావిడతో ఒక మాట అనుకోండి. "అక్కా, ఇడ్లీ పిండి ఉందా?" అని ఫోను వస్తే ఆవిడ కబుర్లలోకి దిగకుండా తిన్నగా వచ్చి తలుపు కొట్టాలి, లేదా అత్యవసర నంబరు 112కు ఫోను చేయాలి.

ఉద్యోగం పోతుందన్న భయం దగ్గరే చాలామంది ఆగిపోతారు. 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు కోరినంత మాత్రాన అరెస్టు ఉండదు. ఉత్తర్వు వచ్చాక ధిక్కరిస్తేనే నేరం, ఏడాది దాకా జైలో, 20,000 రూపాయల దాకా జరిమానానో, రెండూనో పడొచ్చు. ఆ చట్టం కింద ప్రభుత్వం నియమించే ప్రొటెక్షన్ ఆఫీసరు దరఖాస్తు రాయించడంలో సాయం చేస్తారు. పుట్టింటికి వెళ్లిపోయినా అక్కడి కోర్టులోనే వేసుకోవచ్చు. పోలీసు కేసు దారి వేరు, అది పెట్టాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. ఇంటికి డబ్బు ఇవ్వడం మానేస్తే జీతం నుంచే భార్యాపిల్లల పోషణకు కోత వేసే వీలు 1950 ఆర్మీ చట్టంలో ఉంది, దరఖాస్తు సీఓ ద్వారా పైకి వెళ్తుంది. యూనిట్‌కు తెలియకుండా ముందు సలహా అడగాలనుకుంటే మహిళా హెల్ప్‌లైన్ 181, లేదా బాధిత మహిళలకు సాయం చేసే సఖి కేంద్రం. కొట్టేవాడే పై ర్యాంకువాడైతే ఆ బయటి దారే మొదటిది.

ఇక అతని సంగతి. ఫీల్డ్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది నిద్ర పట్టక, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతూ ఉంటారు. ఏడాదిపాటు ఏటీఎం కార్డు దగ్గర్నుంచి పిల్లాడి స్కూలు దాకా భార్యే చూసుకుంది. ఇప్పుడు ఇంట్లో తనకు చోటెక్కడో తెలియదు, పిల్లాడు దగ్గరికి రాడు. ఇదంతా నిజమే, వైద్యమూ కావాలి. అయితే ఒకటి గమనించండి. నిజంగా కోపం అదుపు తప్పేవాడైతే ఎప్పుడో ఒకప్పుడు సుబేదార్ సాబ్ ముందూ తప్పాలి. అక్కడ "జీ సాబ్" అని ఇంట్లోనే చెయ్యి లేపుతున్నాడంటే ఎక్కడ లేపొచ్చో అతనికి తెలుసు. అందుకని వైద్యం ఒక దారిన, కొట్టినదానికి జవాబుదారీ ఇంకో దారిన నడవాలి. ఒకటి జరుగుతోంది కదా అని రెండోది ఆపొద్దు. మానసిక వైద్యం అంటే మెడికల్ కేటగిరీ (ఆరోగ్యాన్ని బట్టి ఇచ్చే గ్రేడు) పడిపోతుందని జవాన్లకు భయం. మొదటిసారి "నిద్ర పట్టడం లేదు" అనే ఆర్‌ఎంఓ దగ్గరికి వెళ్లమనొచ్చు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు.

ఇప్పుడు మీ మీట్ల సంగతి. అరవై మంది నోరు విప్పకపోవడంలో మీ తప్పేమీ లేదు. ముందు వరసలో సీఓ మేడమ్, తర్వాత ఆఫీసర్ల భార్యలు, వెనక జేసీఓల (సుబేదార్ స్థాయి వాళ్ల) భార్యలు, చివర సిపాయిల వాళ్లు. ఆ వరసల్లో చివర కూర్చున్న పిల్ల లేచి "మా ఆయన కొడతాడు" అంటుందా! హాలు మానేయండి. ఎనిమిది పది మంది, ముప్పావుగంట, కింద చాప మీద గుండ్రంగా. కుట్టు క్లాసు పేరో పిల్లల టీకాల పేరో పెట్టండి, "హింస" అన్న పేరున్న మీటింగుకు కొట్టించుకునేవాళ్లే రాలేరు. హిందీ రాని తెలుగు, తమిళ, ఒడియా అమ్మాయిలకు వాళ్ల భాష వచ్చిన ఒకావిడను జత చేయండి. హిందీ రాక మూగబోయినవాళ్ల బాధ మీకు వేరే చెప్పాలా. టీం ఫీల్డ్ నుంచి తిరిగొచ్చే ముందు రెండు వారాలు, వచ్చాక మూడు నెలలు వారానికోసారి కలవండి. మామూలు రోజుల్లో నెలకోసారి చాలు.

హెల్ప్‌లైన్ నంబర్ల పోస్టరు క్యాంటీన్ గోడకు అంటిస్తే దానివైపు ఎవరూ తలెత్తరు, ఎవరు చూస్తున్నారో అందరూ చూస్తారు కనక. ఆడవాళ్ల టాయిలెట్ తలుపుకు లోపలివైపు అంటించండి, ఎంఐ రూమ్‌లో పరీక్ష చేసే గదిలో ఇంకొకటి.

మగవాళ్లతో మీరు మాట్లాడక్కర్లేదు. యూనిట్ జవాన్లంతా కలిసే సైనిక్ సమ్మేళన్‌లో ఇరవై నిమిషాలు ఇప్పించి, వాళ్లు గౌరవించే హవల్దార్‌తో చెప్పించండి. చెప్పాల్సింది ఒక్కటే: పక్క క్వార్టర్లో అరుపులు వినపడితే బడ్డీ (అతనికి జతగా ఉండే జవాను) వెళ్లి తలుపు కొట్టి "రా, ఒకసారి బయటికెళ్దాం" అని అతన్ని ఇంటి నుంచి కదిలించాలి, తెల్లారాక పైకి చెప్పాలి. లోపల ప్రాణం మీదికొచ్చినట్టుంటే తెల్లారేదాకా ఆగకుండా గార్డును పిలవాలి.

మీ ఆయన భయమూ పూర్తిగా కొట్టేయదగ్గది కాదు. మీ చేతిలో కాగితం లేనంతకాలం నిజంగానే "ఆవిడ దూరింది" అంటారు. సీఓ గారి సంతకంతో అర పేజీ రాయించుకోండి: ప్రమాదం అనిపిస్తే ఎవరికి చెప్పాలి, ఎన్ని గంటల్లో, వాళ్లేం చేయాలి. మీతోపాటు ఇంకొకావిడ పేరు కూడా అందులో ఉండాలి. మీకు సెలవో బదిలీయో వస్తే పని ఆగదు, విన్నదంతా ఒక్కరే మోయనక్కర్లేదు. రిజిస్టరులో పేర్లు రాయకండి, నంబర్లు వేసి బీరువాలో తాళం వేయండి.

వచ్చే మీట్‌లో ఆ అమ్మాయి సంగతి "పేరు మార్చి" కూడా చెప్పొద్దు. మెడ మీద మచ్చ, ఫీల్డ్ నుంచి వచ్చి నెలన్నర అనేసరికి, టీ చల్లారేలోపు బ్లాక్ నంబరు కూడా చెప్పేస్తారు.