ఇంటి పక్క పెద్ద చెట్టు తుఫానుకి పడుతుందని భయమా? కొట్టించే ముందు దాని మొదలు చూడండి

మీరు అడిగింది ఇదీ: భీమవరం దగ్గర మీ నాన్నగారి ఇంటి పెరట్లో పెద్ద నిద్రగన్నేరు ఉంది, మోంథా తుఫాను నర్సాపురం దగ్గర తీరం దాటిన రాత్రి నుంచి ఇంట్లో అందరికీ దాని మీదే టెన్షన్, కలప అడితి అతను వచ్చి పైసా తీసుకోకుండా కొట్టుకుపోతానంటున్నాడు, చుట్టాలేమో కొట్టొద్దు గానీ పైన సగానికి నరికించెయ్యమంటున్నారు. చెట్టుని చూసి ఉంచాలో తీసెయ్యాలో చెప్పేవాళ్ళు మన వైపు ఉంటారా, మీ తమ్ముడు ఆ పనిలోకి రావచ్చా అని కూడా అడిగారు. నేను చేసేది ఆ పనే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. మాది కోనసీమ, ఇంట్లో పెద్దవాళ్ళు కొబ్బరి దింపు తీసినవాళ్ళు, నేను ఉద్యానంలో డిప్లొమా చేసి తాళ్ళ మీద చెట్టెక్కి కొమ్మలు దింపే పని వేరే రాష్ట్రంలో నేర్చుకుని తిరిగొచ్చాను.

ముందుగా, చెట్టు ఉంచాలా తీసెయ్యాలా అన్న మాట కలప కొనేవాళ్ళని అడగకండి. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, వాళ్ళకి కావాల్సింది మాను. మీకు కావాల్సింది చెట్టు గురించి నిజం. ఆ రెండూ ఒకే మనిషి దగ్గర దొరకవు. చూసి చెప్పేవాడికి కొట్టే కాంట్రాక్టు ఇవ్వకపోతే మంచిది, నేను కూడా రిపోర్టు రాసిన చెట్టుని కొట్టే పని ఒప్పుకోను.

ఇక అసలు విషయం. చెట్టుని పడేసేది గాలే. కానీ పడేలా తయారుచేసేది చాలాసార్లు మనం ఇంటి చుట్టూ చేయించిన పనులే, అవి కూడా తుఫానుకి నాలుగైదేళ్ళ ముందు చేయించినవి. మన డెల్టాలో కాస్త తవ్వితే నీళ్ళు తగులుతాయి, నీళ్ళు నిలిచిన మట్టిలో గాలి ఉండదు, గాలి లేని చోటికి వేరు వెళ్ళదు. అందుకే ఇక్కడ ఎంత పెద్ద చెట్టుకైనా వేళ్ళు పైపైనే, రెండు మూడు అడుగుల లోపలే, కొమ్మల నీడ దాటి కూడా పక్కలకి పాకి ఉంటాయి. ఇప్పుడు మనం చేసేదేమిటి? ఇల్లు పల్లంలో ఉందని రెండు మూడు అడుగుల మెరక పోయిస్తాం. మాను చుట్టూ కూడా అదే మట్టి. ఆ మెరక కింద పాత వేళ్ళకి ఊపిరాడదు, మెల్లగా కుళ్ళుతాయి, పైన ఆకు మాత్రం ఇంకో రెండు మూడేళ్ళు పచ్చగానే కనిపిస్తుంది. ఆ తర్వాత ప్రహరీకి పునాది తీస్తూ ఒక పక్క వేళ్ళు తెంపుతాం, వీధిలో డ్రెయిన్ తవ్వేవాళ్ళు ఇంకో పక్క తెంపుతారు, మిగిలిన చోట సిమెంట్ పోస్తాం. అలాంటి చెట్టు తుఫానుకి పడితే గాలిని తిట్టుకుంటాం.

కాబట్టి మీరు ఇవాళ చెయ్యాల్సిన పని తల పైకెత్తి కొమ్మలు చూడటం కాదు, కూర్చుని మొదలు చూడటం. ఆరోగ్యంగా ఉన్న నిద్రగన్నేరు మాను నేల దగ్గరికొచ్చేసరికి వెడల్పై, వేళ్ళు విప్పుకుంటూ మట్టిలోకి దిగుతుంది. మీ చెట్టు అలా కాకుండా కరెంటు స్తంభం పాతినట్టు నిటారుగా నేలలోకి దిగిపోయి ఉంటే, అసలు మొదలు మెరక కింద పూడిపోయిందని అర్థం. అప్పుడు గునపం వాడకుండా చిన్న పారతోనూ చేత్తోనూ మాను చుట్టూ మట్టి లాగి చూడండి. బెరడు తడిగా, నల్లగా, గోటితో గీకితే ఊడి వచ్చేలా ఉందా? లేక గట్టిగా, లోపల లేత రంగులో ఉందా? చెట్టు మొదట్లో, గొడుగు విచ్చకుండా మానుకి అతుక్కుని, పైన ఎర్రగా మెరుస్తూ అంచు తెల్లగా ఉండే చెక్కలాంటి పుట్టగొడుగులు ఉన్నాయా? ఉంటే అది గానోడెర్మా కావచ్చు, మొదలూ వేళ్ళూ లోపల కుళ్ళుతున్నాయని దాని అర్థం. కొబ్బరి రైతులకి ఈ తెగులు బాగా తెలుసు, కాండం అడుగున ఎర్రటి బంక కారడం దీని గుర్తుల్లో ఒకటి. తర్వాత, చెట్టు వాలి ఉంటే ఆ వాలు పాతదా కొత్తదా చూడాలి. పాత వాలైతే చివరి కొమ్మలు మళ్ళీ నిటారుగా పైకి తిరిగి ఉంటాయి, భయం తక్కువ. మొన్నటి గాలికి కొత్తగా వాలి, వాలిన వైపుకి ఎదురు పక్క నేల పైకి లేచి బీటలు వారి ఉంటే మాత్రం ఆలోచించకండి, చెట్టు వాలిన వైపు గదుల్లో ఎవర్నీ పడుకోనివ్వకండి, వెంటనే చెట్ల పని తెలిసిన మనిషిని పిలవండి.

తొర్ర ఉందని చాలామంది కంగారుపడతారు. తొర్ర ఉన్నంత మాత్రాన చెట్టు పడదు. మాను లోపలి చేవ ఎప్పుడో పని ఆపేసిన కట్టె, బరువు మోసేదీ నీళ్ళు లాగేదీ బయటి వలయం. చెక్క సుత్తితో మాను చుట్టూ కొట్టుకుంటూ పోతే డొల్ల ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చెవికి తెలుస్తుంది, ఆ తర్వాత సన్నటి ఊచతో లోతు చూస్తాం. మాను సగం మందంలో, అంటే నడిమధ్య నుంచి బయటి అంచు దాకా ఉన్న కొలతలో, కనీసం మూడో వంతు గట్టి చెక్క చుట్టూరా మిగిలి ఉంటే ఫరవాలేదన్నది మా వాళ్ళు వాడే ఒక మోటు లెక్క, దానికి తొర్ర నోరు ఎంత పెద్దది, కొమ్మల బరువు ఎటుంది అన్నవి కూడా కలుపుకోవాలి. తొర్రలో సిమెంట్ మాత్రం పోయించకండి. చెట్టు గాలికి ఊగుతుంది, సిమెంట్ ఊగదు, ఆ రెండిటి మధ్య నీళ్ళు చేరి కుళ్ళు ఇంకా పెరుగుతుంది.

ఇక సగానికి నరికించడం. దయచేసి వద్దు. దీని మీద నాకు నిజంగా కోపం ఉంది, ప్రతి ఏడూ వానలకి ముందు రోడ్ల పక్కన ఇదే చూస్తాను. అంత పెద్ద కోతని చెట్టు మూసుకోలేదు. చెట్టుకి గాయం మానడమంటే మన చర్మంలా మళ్ళీ అతుక్కోవడం కాదు, చెడిన చెక్కని లోపల గోడ కట్టి వేరు చేసుకుని, దాని చుట్టూ కొత్త చెక్క పెంచుకోవడం. ఈ సంగతి అమెరికాలో అలెక్స్ షైగో అనే ఆయన వేల చెట్లని కోసి చూసి తేల్చారు. మోడు చేసిన చోట నుంచి గుత్తులుగా లేచే కొత్త కొమ్మలు పైపై చెక్కకే అంటుకుని ఉంటాయి, కింద మోడు కుళ్ళుతూ ఉంటుంది, నాలుగేళ్ళకి అవే లావై తుఫానుకి ఊడి పడతాయి. అంటే భయం తగ్గించడానికి చేయించిన పనే భయాన్ని పెంచుతుంది.

చేయించాల్సింది వేరే. ఎండు కొమ్మలు అన్నీ తీయించండి. ఇంటి కప్పు మీదకి చాచిన పొడుగు కొమ్మలని పక్కరెమ్మ ఉన్న చోటికి కుదించండి. మొత్తం మీద పచ్చటి ఆకులో నాలుగో వంతుకి మించి ఒకేసారి పోకూడదు. కొయ్యడంలో కూడా పద్ధతుంది. కొమ్మ మాను దగ్గర ఉబ్బెత్తుగా, ముడతలు పడి కనిపించే భాగం ఉంటుంది, చెట్టు గాయాన్ని మూసేది అక్కడి నుంచే. మానుకి ఆనించి నున్నగా కోస్తే అది పోతుంది, మూరెడు మోడు వదిలేస్తే కుళ్ళు లోపలికి దిగుతుంది. అందుకని ముందు ఆ ఉబ్బుకి అడుగు దూరంలో కొమ్మ కింది వైపు నుంచి కొంత కోత, తర్వాత దానికి కాస్త అవతల పైనుంచి పూర్తి కోత, బరువు దిగిపోయాక చివరగా ఆ ఉబ్బుకి బయట శుభ్రంగా ఒక కోత. మొదటి కోత పెట్టకపోతే కొమ్మ జారుతూ బెరడుని మాను పొడుగునా చీల్చుకుని పోతుంది. కోసిన చోట తారు, పెయింట్, సున్నం ఏమీ అక్కర్లేదు. దగ్గర్లో కరెంటు వైరుంటే లైన్‌మన్‌తో ఎల్‌సి (లైన్ క్లియర్, అంటే ఆ లైన్లో కరెంటు ఆపించడం) తీయించకుండా ఎవర్నీ చెట్టెక్కనివ్వకండి.

ఇవన్నీ కొమ్మలున్న చెట్లకి. కొబ్బరి దారి వేరు. దానికి పెరిగేది ఒక్క మొవ్వే, కాండానికి తగిలిన గాయం ఎప్పటికీ పూడదు. అందుకే ఎక్కడానికి మెట్లు కొట్టడం, అందం కోసమని పచ్చ మట్టలు తీసెయ్యడం రెండూ చెట్టుకి నష్టమే. 1996 నవంబరు తుఫానులో కోనసీమ తోటలు ఎలా పడుకున్నాయో మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు, అయినా బతికిన కొబ్బరికి మనం చేస్తున్నది ఇది.

పూర్తిగా తీసెయ్యాల్సి వస్తే వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, గుర్తుంచుకోండి. 2002 నుంచి ఉంది, సొంత స్థలంలో చెట్టుకైనా అనుమతి కావాలి, కొన్ని జాతులకి మినహాయింపులున్నాయి, అటవీశాఖ ఆఫీసులో అడిగితే చెప్తారు. పడిపోయిన చెట్టైనా వెంటనే మొదలు అమ్మెయ్యకండి. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో గోదావరి గట్టున, ఎన్నో సినిమాల షూటింగులు జరిగిన సినిమా చెట్టు మీకు తెలుసు కదా, అదీ నిద్రగన్నేరే, 2024 ఆగస్టులో కూలింది. మొదలుని కాపాడుకున్నారు, మళ్ళీ చిగుళ్ళు వేసింది.

మీ తమ్ముడి సంగతి. ఈ పనిలో రెండు భాగాలున్నాయి: చెట్టెక్కి కోసేది ఒకటి, చూసి రిపోర్టు రాసిచ్చేది ఇంకొకటి. బ్రిటన్‌లాంటి చోట్ల అవి రెండు వేర్వేరు వృత్తులు, ఇల్లు కట్టే ముందే చెట్టు వేళ్ళ కోసం స్థలం వదలాలని అక్కడ ఒక ప్రమాణమే ఉంది: ఛాతీ ఎత్తులో మాను అడ్డకొలతకి పన్నెండు రెట్ల దూరం చుట్టూ ముట్టుకోకూడదు. రెండడుగుల మానుకి ఇరవై నాలుగడుగులన్నమాట. మన దగ్గర ఇంటి స్థలాల్లో అంత దొరకదు, కానీ గుడులకీ బడులకీ అపార్ట్‌మెంట్లకీ నేను మొదట పెట్టే లెక్క అదే. మన దగ్గర ఈ వృత్తికంటూ ప్రత్యేకంగా లైసెన్సు లేదు. ఐఎస్‌ఏ అనే అంతర్జాతీయ సంస్థ సర్టిఫైడ్ ఆర్బరిస్ట్ (చెట్ల సంరక్షణ నిపుణుడు) పరీక్ష పెడుతుంది, దానికి సాధారణంగా మూడేళ్ళ పని అనుభవం అడుగుతారు. నా సలహా, ముందు ఉద్యానం చదవమనండి, వెంకట్రామన్నగూడెంలో యూనివర్సిటీ ఉంది. సెలవుల్లో కడియం నర్సరీల్లో పెద్ద చెట్లని వేరు ముద్దతో ఎలా లేపుతున్నారో వెళ్ళి చూడమనండి. ఎక్కడం దింపు కార్మికుల దగ్గర నేర్చుకోవచ్చు, వాళ్ళకున్న నేర్పు ఏ కోర్సులోనూ రాదు, కానీ వాళ్ళలో చాలామందికి బెల్టూ బీమా ఉండవు. కొబ్బరి అభివృద్ధి బోర్డు వాళ్ళ కేర సురక్ష బీమా ఉంది, అది మీ ఊరి దింపు వాళ్ళకి కూడా చెప్పండి. రంపం మిషన్ పట్టి చెట్టు మీద ఉన్నప్పుడు ఒంటికి రెండు చోట్ల తాడు ఉండాల్సిందే, ఒక తాడు పొరపాటున కోసుకున్నా రెండోది పట్టుకోవాలి. ఆ ఖర్చు పెట్టలేకపోతే ఈ పనిలోకి రావద్దనే చెప్తాను.

మీ చెట్టు ఫోటోలు ఇక్కడ పెట్టండి, చూసి చెప్పగలిగింది చెప్తాను. కొమ్మలవి ఒకటి చాలు. మొదలువి మాత్రం నాలుగు వైపుల నుంచీ, నేల కనపడేలా కావాలి. మెరక ఏ సంవత్సరం పోయించారో, ప్రహరీ ఎప్పుడు కట్టారో నాన్నగారిని అడిగి దాంతోపాటు రాయండి.