తిరుపతి హాస్టల్‌కు ట్రంకు పెట్టె అవసరమా?

ప్రశ్న: మాది చిత్తూరు పక్కన పల్లె. మా పాపకు ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో తిరుపతి ఇంజనీరింగ్ కాలేజీలో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) సీటు వచ్చింది. హాస్టల్లో ఉండడం ఇదే మొదలు. వాళ్ళ నాన్న అప్పుడే పెద్ద ఇనప ట్రంకు పెట్టె కొనుక్కొచ్చేశారు, మా అత్త పచ్చళ్ళు, పొడులు మొదలుపెట్టేసింది. పాపేమో కెటిల్, ఇండక్షన్ స్టవ్, లాప్‌టాప్ అంటోంది. ఏం పంపాలి, ఏం వద్దు? లాప్‌టాప్ ఇప్పుడే కొనాలా?

జవాబు: అమ్మా, ముందు ఆ ట్రంకు పెట్టె సంగతి తేల్చుకుందాం. గది మూడో అంతస్తులో వస్తే దాన్ని ఎవరు మోస్తారు? చాలా హాస్టళ్ళలో గదికి ముగ్గురో నలుగురో, ఒక్కొక్కరికి ఒక మంచం, ఒక బీరువా అర, మంచం కింద కాస్త చోటు, అంతే. ఆ చోట్లోకి పట్టని పెట్టె నడవాలో అడ్డంగా ఉంటుంది, ఏడాది పొడుగునా అందరి కాళ్ళకూ తగులుతూ ఉంటుంది. వాపసు ఇచ్చేయగలిగితే ఇచ్చేయండి. చక్రాల సూట్‌కేసు ఒకటి, భుజానికి వేసుకునే బ్యాగు ఒకటి, తాళం కప్పలు రెండు. తాళం చెవి ఒకటి పాప దగ్గర, ఇంకోటి మీ దగ్గర.

అసలు మీ ఇంట్లో అందరూ నాలుగేళ్ళకు సర్దుతున్నారు. చిత్తూరు నుంచి తిరుపతి ఎంతని, డెబ్బై కిలోమీటర్లు, పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి ముందే చేరిపోతారు. పైగా 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ఛార్జీ లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. పాప మొదటి ఆదివారమో రెండో ఆదివారమో ఇంటికొస్తుంది, రాకుండా ఉండదు. కాబట్టి పది రోజులకు సర్దండి. ఏం తక్కువైందో ఆ పది రోజుల్లో తనకే తెలుస్తుంది. బకెట్, మగ్గు, చీపురు, బట్టలారేసుకునే నైలాన్ తాడు ఇవన్నీ చిత్తూరు నుంచి మోసుకుపోయే వాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది, తిరుపతిలో బకెట్లు అమ్మరా? పరుపు కూడా అక్కడే కొనండి, మంచం కొలత చూశాకే. ఇంట్లో కొలతకు కొన్న పరుపు మంచం మీద నుంచి జానెడు బయటికి వేలాడితే ఏం చేస్తారు?

ఇక కాగితాలు. నన్నడిగితే బట్టల కంటే దీని మీద ఒక సాయంత్రం ఎక్కువ కూర్చోండి. అలాట్‌మెంట్ ఆర్డర్, ర్యాంకు కార్డు, హాల్‌టికెట్, పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఏవి వర్తిస్తే అవి, పాస్‌పోర్టు సైజు ఫోటోలు ఒక ఇరవై. ఒక్కోదానికి నాలుగేసి జెరాక్సులు తీయించి, ఫోన్‌లో కూడా స్కాన్ పెట్టుకోమనండి. మెమోల్లాంటి ఒరిజినల్స్ కాలేజీ వాళ్ళు సరిచూసుకుని తిరిగి ఇచ్చేయాలి, తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూనివర్సిటీల పైన ఉండే యూజీసీ 2018లోనే చెప్పింది. అడ్మిషన్ అయిపోయాక ఆ ఒరిజినల్స్‌ను హాస్టల్లో ఉంచకండి, మీరే ఇంటికి తెచ్చేసుకోండి. ఇది నాకు తగిలిన దెబ్బ కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నా. నేను చదువుకునేటప్పుడు నా ఫైలు కిటికీ పక్కన గూట్లో పెట్టుకున్నా. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే కదా, నవంబరులో ఒక రాత్రి జల్లు లోపలికి కొట్టింది, పొద్దున చూస్తే పదో తరగతి మెమో మీద సిరా కారి నా పేరు సగం నీలి మరక. డూప్లికేట్ కోసం ఎన్నిసార్లు తిరిగానో అడగొద్దు.

ఈ కాగితాల దగ్గరే ఇంకో చిక్కుంది, సర్దేటప్పుడు ఎవరికీ గుర్తురాదు. పాప ఆధార్‌కు ఏ ఫోన్ నంబరు లింకు అయి ఉంది? చాలా ఇళ్ళలో నాన్న నంబరే ఉంటుంది. స్కాలర్‌షిప్ అప్లికేషన్ పెట్టేటప్పుడు ఓటీపీ ఆయన ఫోన్‌కు పోతుంది, ఆయనేమో మామిడి తోపులో, సిగ్నల్ ఉండదు, ఇక్కడ పాప కౌంటర్ ముందు నిలబడి ఉంటుంది, వెనక లైన్లో యాభై మంది. చేరకముందే ఆధార్ సెంటర్‌కు వెళ్ళి పాప నంబరు వేయించండి, పాప పేరు మీద బ్యాంకు ఖాతా తెరిచి ఆధార్ లింకు చేయించండి. అలాగే ర్యాగింగ్ చేయనని పిల్లలు, మా పిల్ల చేయదని తల్లిదండ్రులు ఆన్‌లైన్‌లో అఫిడవిట్ ఇవ్వాలి, అది కూడా ఇంట్లో కూర్చునే నింపేయండి. ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522, పాప ఫోన్‌లోనూ మీ ఫోన్‌లోనూ వేసుకోండి. అవసరం పడకపోవచ్చు, ఉండనీయండి.

కెటిల్, ఇండక్షన్ స్టవ్ విషయంలో నేను పాప వైపు కాదు. గదుల్లో ఉండే మామూలు ప్లగ్ 6 యాంపియర్లది, 230 వోల్టుల దగ్గర లెక్కేస్తే దాదాపు 1,380 వాట్లు, అంతకు మించి మోయదు. కెటిల్ 1,500 వాట్లు అడుగుతుంది, ఇండక్షన్ స్టవ్ 2,000 దాకా పోతుంది. రాత్రి పదకొండుకు మ్యాగీ కోసం స్టవ్ వేస్తే ట్రిప్ అయి ఆ వరుస గదులన్నీ చీకటి, ఇక పొద్దున వార్డెన్ చేతికి పోతుంది స్టవ్. బకెట్లో వేసే హీటర్ రాడ్ మాట అసలు ఎత్తొద్దు, తడి నేల మీద అది ప్రాణాల మీదికి తెస్తుంది. ఫోను, లాప్‌టాప్ ఛార్జింగ్‌కు మాత్రం మంచి కంపెనీ ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటి పెట్టండి, ఎందుకంటే ప్లగ్ ఎప్పుడూ పక్కవాళ్ళ మంచం దగ్గరే ఉంటుంది.

లాప్‌టాప్ ఇప్పుడే కొనకండి. మొదటి సెమిస్టర్‌లో లెక్కలు, ఫిజిక్సో కెమిస్ట్రీనో, సీ ప్రోగ్రామింగ్ లాంటివే, ప్రోగ్రాములు కాలేజీ ల్యాబులో చేయిస్తారు. చేరాక సీనియర్లను అడిగి కొంటే డబ్బులు సరైన చోట పడతాయి. కొనేటప్పుడు షాపులో 8 జీబీ చాలంటారు, సీఎస్ఈకి 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ తీసుకోండి, రంగు లైట్లు వెలిగే గేమింగ్ లాప్‌టాప్ రెండున్నర కిలోలు, దాన్ని రోజూ క్లాసుకు మోసేది మీ పాపే. క్యాలిక్యులేటర్, డ్రాయింగ్ సామాను, ల్యాబు కోటు కూడా కాలేజీ చెప్పాకే. ముందే కొన్న డ్రాఫ్టర్ (డ్రాయింగ్ గీతలకు వాడే పరికరం) ఏడాదంతా అటక మీదే ఉన్న ఇళ్ళు నాకు తెలుసు.

బట్టలు ఏడు జతలు చాలు, ఆదివారం ఉతుక్కుంటుంది. దుప్పట్లు ముదురు రంగువి. బాత్రూంకు వేరే చెప్పులు. దోమతెర తప్పనిసరి. శానిటరీ ప్యాడ్లు రెండు నెలలకు సరిపడా, కడుపునొప్పికి రబ్బరు హాట్ వాటర్ బ్యాగు, జ్వరం మాత్రలు, ఓఆర్ఎస్, తను రోజూ వేసుకునే మందులుంటే డాక్టర్ చీటీతో సహా. కొన్ని హాస్టళ్ళలో కంచం, గ్లాసు మనవే ఉండాలి. అప్పుడు స్టీలు సామాన్ల షాపులోనే పాప పేరు చెక్కించండి, కింద కాదు, కంచం లోపలి అంచున, కనపడేలా. అన్నీ ఒకేలా ఉండే కంచాలు కడుగుడు తొట్టి దగ్గర ఎలా మారిపోతాయో మెస్‌లో తిన్నవాళ్ళకు తెలుసు.

మీ అత్తగారిని మాత్రం ఆపకండి. చెనిక్కాయల పొడి, నువ్వుల పొడి, చింతకాయ తొక్కు, మెస్‌లో సాంబారు పలచబడిన రోజు పాపకు అవే దిక్కు. కాకపోతే మూడు కిలోల జాడీ వద్దు. పావు కిలో డబ్బాలు, మూత గట్టిగా పట్టేవి. డబ్బా తెరిచిన రోజే గది మొత్తం స్పూన్లు పట్టుకుని వచ్చేస్తుంది, నాలుగో రోజుకు అడుగు కనపడుతుంది. కనపడనీయండి, ఆ నాలుగు రోజుల్లో పాపకు ముగ్గురు స్నేహితులు అవుతారు. రెండో ఆదివారం వచ్చినప్పుడు ఇంకో డబ్బా ఇచ్చి పంపొచ్చు.

ఒక్క మాట, సర్దేది మాత్రం పాపనే సర్దనివ్వండి. మీరు మంచం మీద కూర్చుని చూస్తూ ఉండండి, నోటికొచ్చినా చెప్పకండి. ఏది ఏ అరలో ఉందో తనకు తెలియకపోతే తొలిరోజు రాత్రి సబ్బు ఎక్కడ పెట్టావని మీకే ఫోను చేస్తుంది, మీరిక్కడ చిత్తూరులో కళ్ళు మూసుకుని ఎడమ వైపు జిప్పులో, టవల్ కింద అని చెప్పాల్సి వస్తుంది.

ట్రంకు పెట్టె షాపువాడు వాపసు తీసుకోనంటే బియ్యం పోసుకోండి, ఎలుకలు రావు.