మందు పథకంలో ఉంది, పరీక్ష లేదు: ప్రజాప్రయోజన వ్యాజ్యం (పిల్) వేయాలా?

ప్రశ్న: మా తమ్ముడికి సీఎంఎల్ రకం బ్లడ్ క్యాన్సర్. రోజూ వేసుకునే ఇమాటినిబ్ 400 ఎంజీ మాత్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఉచితంగానే వస్తోంది. రక్తంలో ఈ క్యాన్సర్ జన్యువు ఎంత మిగిలిందో కొలవడానికి మూడు నెలలకోసారి చేయించే బీసీఆర్-ఏబీఎల్ పరీక్షకు మాత్రం చేతి డబ్బు పెట్టుకుంటున్నాం. ఆస్పత్రిలో పరిచయమైన 40 కుటుంబాలం ఒక గ్రూపుగా ఏర్పడ్డాం. పరీక్షను పథకంలో చేర్చమని హైకోర్టులో పిల్ వేయొచ్చా? అమెరికాలోని బంధువులు డబ్బు పంపుతామంటున్నారు, తీసుకోవచ్చా?
- ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: వేయొచ్చు. కానీ ఇప్పుడే వేస్తే, 'ముందు ప్రభుత్వానికి వినతిపత్రం ఇవ్వండి' అని చెప్పి కేసు ముగించే అవకాశమే ఎక్కువ. అడిగినట్టు, వాళ్లు కాదన్నట్టు లేదా పట్టించుకోనట్టు మీ చేతిలో కాగితం ఉండాలి.

వినతిపత్రం ఒక్క పేజీ మించకూడదు. వైద్య ఆరోగ్య శాఖ ముఖ్య కార్యదర్శికి ఒకటి, పథకం నడిపే ట్రస్టు సీఈఓకి ఒకటి. 'బ్లడ్ క్యాన్సర్ రోగులకు మెరుగైన వైద్యం అందించండి' అని రాస్తే ఆ ఉత్తరం ఏ ఫైల్లోనూ చేరదు. 'సీఎంఎల్ ప్యాకేజీలో మూడు నెలలకోసారి బీసీఆర్-ఏబీఎల్ క్వాంటిటేటివ్ పరీక్ష చేర్చండి' అని రాయండి. హెమటాలజిస్టు (రక్తవ్యాధుల నిపుణుడు) లేఖ, మూడు ల్యాబుల బిల్లులు జతచేయండి. రోగుల పేర్లు వద్దు, నంబర్లు వేయండి. స్పీడ్ పోస్టు రసీదు, డెలివరీ అయినట్టు ప్రింటు దాచుకోండి.

నెల రోజుల్లో కదలిక లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు. ఇక్కడ చాలామంది రెండు పొరపాట్లు చేస్తారు. దరఖాస్తు సంఘం లెటర్‌హెడ్‌ మీద పెడతారు. హక్కు పౌరులకే కాబట్టి తిప్పిపంపొచ్చు, ఒకరి సొంత పేరుతోనే పెట్టండి. రెండోది, 'ఎందుకు చేర్చలేదు?' అని అడుగుతారు. ఎందుకన్నది సమాచారం కిందికి రాదని జవాబొస్తుంది. దాని బదులు 'మా వినతిపత్రంపై నోట్‌ఫైలు (అధికారులు ఫైల్లో రాసిన వ్యాఖ్యలు) ప్రతులు, ప్యాకేజీలు నిర్ణయించిన కమిటీ మినిట్స్ ఇవ్వండి' అనండి. ప్రభావితులైనవారికి నిర్ణయానికి కారణాలు చెప్పాలనే సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(డి)ని కూడా ప్రస్తావించండి. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. జవాబు రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

ఇక కోర్టు. నన్నడిగితే పిల్ కంటే మీ తమ్ముడే స్వయంగా రాజ్యాంగం ఆర్టికల్ 226 కింద హైకోర్టులో రిట్ (తన హక్కు కోసం వేసే పిటిషన్) వేయడం మేలు. 2010లో బల్వంత్ సింగ్ చౌఫాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పాక, పిల్ వేసినవారెవరో, ఎందుకు వేశారో తేల్చుకున్నాకే కోర్టులు ముందుకెళ్తున్నాయి. నేరుగా నష్టపోతున్న రోగికి ఆ తలనొప్పి ఉండదు.

వాదన ఒక్క ఆర్టికల్ 21 (జీవించే హక్కు) మీద నిలబెట్టకండి. 1998లో రామ్ లుభాయా బగ్గా కేసులో, ఖజానాకు పరిమితి ఉంటుందంటూ పంజాబ్ ప్రభుత్వ వైద్య ఖర్చుల విధానాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. సర్కారు వకీలు మొదట చదివేది అదే. మీ బలం ఆర్టికల్ 14లో ఉంది: సమానత్వ హక్కు, అంటే ప్రభుత్వ నిర్ణయంలో హేతువు ఉండాలి. ఏడాది మందు వాడాక కూడా ఈ పరీక్షలో ఫలితం 1 శాతం దాటి ఉంటే మందు విఫలమైనట్టే లెక్క, మార్చాలి. ఆ సంగతి చెప్పే పరీక్షే లేకుండా నెలనెలా మాత్రలకు ప్రభుత్వం డబ్బు కట్టడంలో హేతువేముంది? అరుదైన గాషర్ వ్యాధి ఉన్న బాలుడికి ఉచిత చికిత్స ఇవ్వాలని 2014లో ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది, దాన్నీ జతచేయండి.

ఇమాటినిబ్ చవగ్గా దొరకడం వెనకా ఇలాంటి కాగితాల పోరాటమే ఉంది. ఈ మందుపై విదేశీ కంపెనీ నోవార్టిస్ పెట్టిన పేటెంట్ దరఖాస్తుకు క్యాన్సర్ పేషెంట్స్ ఎయిడ్ అసోసియేషన్, మన హైదరాబాద్ మందుల కంపెనీ నాట్కో తదితరులు చెన్నై పేటెంట్ ఆఫీసులోనే అభ్యంతరాలు వేశారు. 2006లో అక్కడ తిరస్కరణ, 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టులోనూ నోవార్టిస్ ఓడింది.

డబ్బు విషయం జాగ్రత్త. పంపేవారు ఇంకా భారత పౌరులే అయితే, తమ సొంత డబ్బును బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు జిరాక్స్ తీసిపెట్టుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే) కార్డున్నా సరే, పంపితే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) వర్తిస్తుంది. ఆ రిజిస్ట్రేషన్‌కు మామూలుగా మూడేళ్లు నడిచిన సంస్థ అయి ఉండాలి, కాబట్టి మీ గ్రూపుకి ఇప్పుడే రాదు. వాళ్ల డబ్బు గ్రూపు ఖాతాలోకి రానివ్వకండి.