పుంజుకి అన్ని నోడ్లు ఎందుకు?

అమ్మా స్రవంతీ,

నీ కథ, దాంతోపాటు పంపిన నాలుగు బొమ్మలూ చూశాను. కథ బాగుంది. భీమవరం బరికి తీసుకెళ్తున్న డేగపుంజు, పల్లెవెలుగు బస్సులో కండక్టర్ కాళ్ల సందులోంచి దూరి దిగిపోయే చోట గట్టిగా నవ్వాను. చివరి పేరాలో మాత్రం పుంజు చేత నీతి చెప్పించావు. అది తీసెయ్. పిల్లలకి అది పారిపోవడమే చాలు. కథ సంగతి ఇంకోసారి వివరంగా రాస్తాను. నువ్వు అడిగింది బొమ్మల గురించి కాబట్టి ఈ ఉత్తరం వాటికే.

"నేను ఆర్టిస్టుని కాదు కదా మాస్టారూ, నా కథకి నేనే బొమ్మలు వేసుకోవచ్చా?" అన్నావు. వేసుకోవచ్చు. మనలాంటి వాళ్ల పిల్లల పుస్తకాలకి మంచి ఆర్టిస్టు దొరకడమే కష్టం. దొరికినా వాళ్లకి ఇవ్వాల్సిన డబ్బు మన దగ్గర ఉండదు. నేను బొమ్మలు వేయడం మొదలుపెట్టిందీ అందుకే. చెయ్యి తిరగని వాళ్లకి వెక్టర్ బొమ్మలో, అంటే కంప్యూటర్ బిందువులుగా, వాటిని కలిపే గీతలుగా గుర్తుంచుకునే బొమ్మలో, ఒక పెద్ద వెసులుబాటు ఉంది. గీత ఒకే ఊపులో పడనక్కర్లేదు. అది ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ మలుపు తిరగాలో నువ్వు చెప్తావు, మధ్యలో వంపు లెక్క కంప్యూటర్ చూసుకుంటుంది. నచ్చకపోతే రేపు మార్చుకుంటావు. ఖరీదైన పెన్ టాబ్లెట్ కొనాలా అని టెన్షన్ పడకు. ఈ పనికి మామూలు మౌస్ చాలు, కొన్నిసార్లు అదే నయం.

ఇక నీ పుంజు సంగతి. దూరం నుంచి చూస్తే బాగానే ఉంది. ఇంక్‌స్కేప్ అనే వెక్టర్ బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి రెక్క మీద నోడ్ టూల్ (నోడ్ అంటే గీత ఆకారాన్ని పట్టి ఉంచే బిందువు) పెడితే కింద స్టేటస్ బార్‌లో 214 నోడ్లు అని చూపించింది. ఒక్క రెక్కకి! నువ్వు చెప్పకపోయినా ఏం జరిగిందో తెలిసిపోయింది. ఫోన్‌లో పుంజు ఫొటో తీసి, దాన్ని దానంతటదే గీతలుగా మార్చే ‘ట్రేస్ బిట్‌మ్యాప్’ నొక్కావు. అది ఫొటోలోని నీడకీ, దుమ్ముకీ, ఈకల మధ్య మెరుపుకీ తేడా తెలియకుండా రంగు మారిన ప్రతి అంచు వెంటా గీత గీసుకుంటూ పోయింది. ఇప్పుడు ఆ రెక్క కాస్త పైకి లేపాలంటే ఏ నోడ్ పట్టుకుంటావు? అందుకే నాలుగు బొమ్మల్లోనూ పుంజు ఒకే భంగిమలో నిలబడింది. కథలో అది పరిగెడుతోంది, బొమ్మలో ఫొటో దిగుతోంది. కంట్రోల్ ఎల్ నొక్కి ‘సింప్లిఫై’ చేస్తే సరిపోతుందేమో అని కూడా అనుకోకు. నోడ్లు తగ్గుతాయి కానీ ముక్కు కొన మొద్దుబారుతుంది, గోళ్లు కరిగిపోతాయి. ఏది ముఖ్యమైన మూలో దానికి తెలియదు.

కొత్తలో అందరూ చేసేదే ఇది, బాధపడకు. కానీ ఇక్కడి నుంచి ఆటో ట్రేస్ జోలికి కొన్నాళ్లు పోవద్దు. కాగితం మీద పెన్సిల్‌తో పుంజుని గీయి, వంకరగా ఉన్నా ఫర్వాలేదు. దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి, ఇంక్‌స్కేప్‌లోకి తెచ్చి, ఒక లేయర్‌లో (పొరలో) పెట్టి, ఒపాసిటీ బాగా తగ్గించి లీలగా కనిపించేలా చేసి, ఆ లేయర్‌కి తాళం వెయ్యి. దాని పైన ఇంకో లేయర్‌లో పెన్ టూల్‌తో నువ్వే గీతలు వెయ్యి. కీబోర్డులో ‘బి’ నొక్కితే పెన్ టూల్, ‘ఎన్’ నొక్కితే నోడ్ టూల్. మొదటి నెలంతా ఈ రెండింటి మధ్యే తిరుగుతావు.

పెన్ టూల్‌తో ఊరికే క్లిక్ చేస్తే మూల వస్తుంది. క్లిక్ చేసి వదలకుండా లాగితే నోడ్‌కి అటూ ఇటూ రెండు హ్యాండిల్స్ వస్తాయి, గీత వంగుతుంది. హ్యాండిల్ ఎటు చూస్తే గీత అటు బయల్దేరుతుంది. హ్యాండిల్ ఎంత పొడుగుంటే అంత దూరం ఆ దిక్కునే పోవాలని చూస్తుంది. ఉన్న రహస్యమంతా ఇదే. రెండు కొసలు, రెండు హ్యాండిల్స్, మొత్తం నాలుగు బిందువులతో ఒక వంపు. ఫ్రాన్స్‌లో రెనో కార్ల కంపెనీ ఇంజినీరు పియర్ బెజియె 1960ల్లో కారు బాడీ వంపులకోసం వాడిన లెక్క ఇది. అంతకంటే ముందే, 1959లో సిట్రోయెన్ కంపెనీలో పాల్ ద కాస్తెల్జో ఇదే పని చేసిపెట్టాడు. ఆ కంపెనీ దాన్ని బయటికి పొక్కనివ్వకపోవడంతో వంపులకి బెజియె పేరు ఉండిపోయింది. ఫ్రెంచి కార్లకోసం పుట్టిన లెక్కతో మనం గోదావరి పుంజు మెడ వంచుతున్నాం, తమాషాగా లేదూ!

మరి నోడ్ ఎక్కడ పెట్టాలి? కొత్తవాళ్ల చెయ్యి సగం ఇక్కడే తడబడుతుంది. గీత వంగుతోంది కదా అని వంపు మధ్యలో నోడ్ల మీద నోడ్లు గుచ్చుతారు. అలా కాదు. వంపు అన్నిటికంటే పైకి, కిందికి, ఎడమకి, కుడికి వెళ్లిన చోట్లు చూడు. అక్కడ నోడ్ పెట్టి, హ్యాండిల్స్‌ని నిలువుగానో అడ్డంగానో ఉంచు. తర్వాత, ఎస్ అక్షరంలా ఒక వంపు ఇంకో వైపుకి తిరిగే చోటు చూడు, అవసరమైతే అక్కడ ఒకటి. పదునైన మూల ఉన్న చోట ఒకటి. అంతే. ఒక వృత్తం గీసి, కంట్రోల్ షిఫ్ట్ సి నొక్కి దాన్ని పాత్‌గా, అంటే నోడ్లున్న గీతగా, మార్చి చూడు. నాలుగే నోడ్లు ఉంటాయి. ఒక్కో హ్యాండిల్ పొడవు వ్యాసార్ధంలో దాదాపు 55 శాతం. వృత్తానికే నాలుగు చాలినప్పుడు రెక్కకి ఎన్ని కావాలో నువ్వే చెప్పు. నేనైతే తొమ్మిది పదిలో ముగిస్తాను.

చెయ్యి కుదరడానికి మన అక్షరాలంత మంచి సాధన ఇంకోటి లేదు. అ, ల, ఊ, ఖ లాంటివి తీసుకో. తిన్నటి గీతలు తక్కువ, మెలికలు ఎక్కువ. ఒక అక్షరాన్ని పేజీ నిండా పెద్దగా టైప్ చేసి, ఆ లేయర్‌కి తాళం వేసి, పైన పెన్ టూల్‌తో దాని వెంటే వెళ్లు. గతుకు కనిపిస్తే ఇంకో నోడ్ పెట్టకు, ఒక నోడ్ తీసి చూడు. నోడ్ టూల్‌లో ఎంచుకుని డిలీట్ నొక్కితే ఇంక్‌స్కేప్ ఆకారం వీలైనంత చెడకుండా ఆ నోడ్ తీసేస్తుంది. గతుకులు చాలావరకు అలాగే పోతాయి. నున్నటి మలుపుకి షిఫ్ట్ ఎస్, మూలకి షిఫ్ట్ సి గుర్తుపెట్టుకో.

అన్నీ పెన్ టూల్‌తోనే గీయాలని కూడా పట్టుపట్టకు. పందెం పుంజు తల మీద జుట్టు చూడు. నువ్వు వేసింది ఇంట్లో తిరిగే నాటుకోడి జుట్టు, రంపంలా పళ్లతో పెద్దగా ఉంది. అసీల్ జాతి పుంజుకి అది పొట్టిగా, తలకి అంటుకుపోయినట్టు, బొడిపెల్లా ఉంటుంది. అంటే మూడు చిన్న గుండ్రాలు పక్కపక్కన పెట్టి ‘యూనియన్’ చేస్తే, అంటే ఒకే ఆకారంగా కలిపేస్తే చాలు, జుట్టు అయిపోయింది. ఒంటికి ఒక పెద్ద అండాకారం, పైకి నిక్కిన మెడకి ఇంకోటి, రెండూ కలిపెయ్. కలిసిన చోట మాత్రం నోడ్ టూల్‌తో సర్దు. నోరు తెరవాలంటే ముక్కు మీద సన్నటి త్రిభుజం పెట్టి ‘డిఫరెన్స్’ కొట్టు, పై ఆకారం కింది దాన్ని కోసేస్తుంది. కాళ్లు ఇంకా పొడుగ్గా వెయ్యి, పందెం పుంజు కాళ్ల మీదే కదా నిలబడేది.

తోకకి ఒక్క ఈకే గీయి. బాగా గీయి. దాన్ని ఎంచుకుని మళ్లీ ఒకసారి క్లిక్ చేస్తే మూలల్లో తిప్పే బాణాలు, మధ్యలో చిన్న ప్లస్ గుర్తు వస్తాయి. ఆ ప్లస్‌ని ఈక మొదలుకి జరుపు. ఇప్పుడు కంట్రోల్ డి తో నకలు తీసి తిప్పు. ఈక మొదలు కదలకుండా కొస ఒక్కటే తిరుగుతుంది. అలా ఆరేడు నకళ్లు తీస్తే తోక విచ్చుకుంటుంది. తర్వాత ఒక్కో ఈకనీ కొంచెం సాగదీసో, కుదించో చూడు. అన్నీ ఒకే కొలతలో ఉంటే విసనకర్రలా ఉంటుంది.

ఈ ప్లస్ గుర్తు నీకు ఇంకా పెద్ద పనికి కావాలి. నువ్వు తోలుబొమ్మలాట చూసే ఉంటావు. తల, భుజం, మోచెయ్యి, కాలు వేరువేరు తోలుముక్కలు, కీలు దగ్గర దారం ముడి. నీ పుంజునీ అలాగే కట్టు. తల మెడ ఒక గ్రూపు, రెక్క ఒకటి, తొడ ఒకటి, కాలు ఒకటి, తోక ఒకటి. ప్రతి గ్రూపుకీ ప్లస్ గుర్తుని కీలు ఉండే చోటికి జరిపిపెట్టు. కీలు దగ్గర ముక్కలు ఒకదాని మీద ఒకటి బాగా ఎక్కేలా ఉంచు, లేకపోతే కాలు తిప్పగానే సందు కనిపిస్తుంది. ఒక్కసారి ఈ పని ఓపిగ్గా చేస్తే 16 పేజీల్లోనూ పుంజు పరిగెడుతుంది, ఎగురుతుంది, సీటు కింద నక్కుతుంది, ఎక్కడ చూసినా అదే పుంజుగా ఉంటుంది. "ఏఐతో వేయించుకుంటే తేలిక కదా" అని అడిగావు చూడు, దానికి నా జవాబు కూడా ఇదే. ఒక బొమ్మ అందంగా రావచ్చు. ఆరో పేజీలో పుంజు కాలు కొంచెం పైకి లేపమంటే ఇంకో పుంజుని పట్టుకొస్తుంది. చేతిలో ముక్కలు ఉన్నవాళ్లదే సుఖం.

బస్సు గురించి పెద్దగా చెప్పేదేం లేదు, దీర్ఘచతురస్రాలూ గుండ్రటి మూలలూ. కిటికీలు మాత్రం నకళ్లు కాకుండా క్లోన్లు పెట్టు, ఆల్ట్ డి. మొదటి కిటికీకి ఊచలు మారిస్తే మిగతా అన్నిటికీ మారిపోతాయి. నీ మూడో బొమ్మలో దూరాన ఉన్న బస్సు అంచుగీతలు దగ్గరున్న బస్సు గీతలంత లావుగా ఉన్నాయి. బొమ్మ చిన్నది చేసినప్పుడు గీత లావు కూడా తగ్గాలంటే, సెలెక్ట్ టూల్ పైన ఉండే వరసలో దానికో బటన్ ఉంది, నొక్కి పెట్టుకో.

రంగులు మరీ ఎక్కువయ్యాయి, పైగా ప్రతిదానికీ ఒక రంగు ఇంకో రంగులోకి కరిగిపోయే గ్రేడియెంట్. పుంజు ఒళ్లు గ్యాస్ సిలిండర్‌లా మెరుస్తోంది. ఒక్కసారి చేర్యాల నకాషీ పటాలు చూడు. ఎర్రటి నేపథ్యం, నీడలు లేని నిండు రంగులు, చుట్టూ నల్ల గీత, అంతే. ఆ కొద్ది రంగులతోనే పటం నిండా మనుషుల్ని, దేవుళ్లని, జంతువుల్ని నడిపిస్తారు. నీ పుస్తకం మొత్తానికి ఆరు రంగులు ముందే ఎంచుకో. నీ హీరో డేగ కాబట్టి ఎరుపు దానికే ఇచ్చెయ్, బస్సులో ఇంకెవరికీ, కండక్టర్ సంచికి కూడా ఆ ఎరుపు ఇవ్వకు. పక్క సీటు కింద బుట్టలో కాకిపుంజు నలుపు, సేతువ తెలుపు ఎలాగూ ఉన్నాయి. ఇంకోటి, కంప్యూటర్ తెర మీద వెలిగిపోయే వరిచేను పచ్చ అచ్చులో అలా రాదు. ప్రెస్సు నాలుగు సిరాలతో చేసే పని అది, మందగిస్తుంది. మొత్తం పుస్తకం అయ్యాక చూసుకుని ఏడవడం కంటే, ముందే ఒక పేజీ ప్రింటు తీయించి ఆకుపచ్చా నీలం ఎలా వస్తున్నాయో చూసుకో. పేజీ సైజు ఎంతో, చుట్టూ బ్లీడ్ (కాగితం కోతలో పోయే అదనపు అంచు) ఎంత వదలాలో కూడా మొదటి గీత గీయకముందే ప్రెస్సు వాళ్లని అడుగు.

అట్ట మీద పేరు సంగతి. సిలికానాంధ్ర విడుదల చేసిన ఉచిత ఫాంట్లు మండలి, రామభద్ర, ధూర్జటి లాంటివి ఉన్నాయి, పిల్లల పుస్తకానికి రామభద్ర నిండుగా ఉంటుంది. ఏది వాడినా, ఫైలు ప్రెస్సుకి ఇచ్చే ముందు ఒక నకలు చేసి, ఆ నకలులో అక్షరాలన్నీ పాత్‌గా మార్చెయ్. ఒకసారి ఒక ప్రెస్సు వాళ్లు నా పుస్తకం అట్టని తమ పాత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఒత్తులన్నీ ఊడిపోయి ‘అమ్మమ్మ’ కాస్తా ‘అమ్‌మమ్‌మ’ అయింది. అట్టలు అచ్చయ్యాక గానీ ఎవరూ చూడలేదు. ఇలస్ట్రేటర్ అనే సాఫ్ట్‌వేర్‌లో కూడా భారతీయ భాషల అక్షరాలు కూర్చే కంపోజర్ ఆన్ చేయకపోతే ఒత్తులు ఇలాగే విడిపోతాయి. పాత్‌గా మార్చాక అక్షరదోషం దిద్దలేవు కాబట్టి అసలు ఫైలు విడిగా భద్రంగా ఉంచుకో.

ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి అన్నదానికి పెద్ద చర్చ అనవసరం. మన ఊళ్లలో ఫ్లెక్సీ షాపుల్లో, పెళ్లికార్డుల దగ్గర కోరల్‌డ్రా నడుస్తుంది. పెద్ద సంస్థల్లో ఉద్యోగం కావాలంటే ఇలస్ట్రేటర్ అడుగుతారు, దానికి నెలనెలా చందా కట్టాలి. నీకు ఇంక్‌స్కేప్ చాలు. 2003 నుంచి ఉంది, పైసా ఖర్చు లేదు, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. నోడ్‌నీ హ్యాండిల్‌నీ ఒకచోట పట్టుకోవడం వచ్చాక మిగతా వాటిలో బటన్ల చోటు మారుతుంది, అంతే.

ఇప్పటికి 16 పేజీలూ మొదలుపెట్టకు. పుంజు ఒక్కదాన్నే, పక్కనుంచి చూసినట్టు, ముక్కలుగా కట్టి, మూడు భంగిమల్లో పెట్టి పంపు: నిలబడి, పరిగెడుతూ, సీటు కింద నక్కి. పీఎన్‌జీ పంపొద్దు, అది ఫొటో లాంటిది; నోడ్లు ఉండే ఎస్‌వీజీ ఫైలే పంపు. నేను చూసేది నోడ్లే.

ఆశీస్సులతో,
మాస్టారు