దిమ్మె మీద ట్యాంకు: మీ ఉత్తరాలు, మా జవాబులు

పోయిన సంచికలో మాట వరసకి రెండు లైన్లు రాసాను, విజయంత అనే యుద్ధం ట్యాంకు పుట్టింది మన మద్రాసు పక్కన ఆవడిలోనే అని. దానికి ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదండి. అన్నీ వేయలేం కాబట్టి కొన్ని తీసుకున్నాను, ఒకే ప్రశ్న ముగ్గురు అడిగితే ఒకరిదే వేసాను, ఏమీ అనుకోకండి.

*మా బాబు ఏడో క్లాసు. మేడ మీద నీళ్ళ ట్యాంకుకీ యుద్ధం ట్యాంకుకీ ఒకే పేరేంటమ్మా అని అడిగాడు, నాకు తెలియలేదు. ఇంకోటి, ఆవడి అంటే "ఆర్మర్డ్ వెహికల్స్ అండ్ డిపో ఆఫ్ ఇండియా" అట, స్కూల్ వ్యాన్ డ్రైవర్ చెప్పాడట. నిజమేనా? (ఒక అమ్మ, అంబత్తూరు)*

బాబు భలే ప్రశ్న అడిగాడమ్మా. ఒకే పేరు ఎందుకంటే ఆ పేరు నీళ్ళ ట్యాంకు నుంచే వచ్చింది. 1915లో ఇంగ్లండులో లింకన్ అనే ఊళ్ళో ఫోస్టర్ అని ఒక కంపెనీ ఉండేది, ఈ బండ్లు మొదట తయారుచేసింది వాళ్ళే. విషయం బయటికి పొక్కకూడదని, ఇవి మెసొపొటేమియా ఎడారికి నీళ్ళు మోసే బండ్లు అని చెప్పుకున్నారు. అలా వాటర్ ట్యాంక్ అని మొదలై చివరికి ఉత్త ట్యాంక్ అయింది. 1916 సెప్టెంబర్ 15న ఫ్రాన్సులో సొమ్ దగ్గర మొదటిసారి యుద్ధంలోకి దిగాయి, అప్పటికి పేరు అతుక్కుపోయింది, ఇంక మార్చలేదు.

ఇంకా విచిత్రం ఏంటంటే ట్యాంక్ అనే మాట ఇంగ్లీషులోకి వెళ్ళిందే మన వైపు నుంచి అని కొన్ని డిక్షనరీలు రాస్తాయి, గుజరాతీ మాట అని కొందరు, పోర్చుగీసు మాట అని కొందరు. ఏదైనా మన దేశంలో ఇంగ్లీషువాళ్ళు చెరువునే ట్యాంక్ అన్నారు, హైదరాబాదు ట్యాంక్ బండ్ అంటే చెరువుకట్టే కదా. ఇక్కడ మన నుంగంబాక్కంలో కూడా ట్యాంక్ బండ్ రోడ్డు ఉంది. పండక్కి బట్టలు కొనడానికి టి.నగర్ లో తిరుగుతామా, అదంతా లాంగ్ ట్యాంక్ అనే పెద్ద చెరువు, 1920ల్లో పూడ్చి ఊరు కట్టారు. వెస్ట్ మాంబళంలో లేక్ వ్యూ రోడ్డు ఇంకా ఉంది, చూడ్డానికి లేకే లేదు. బాబుని ఓసారి ఆ రోడ్డు మీద నడిపించండి, ఈ మాట వాడు జన్మలో మర్చిపోడు.

ఆవడి సంగతి, వ్యాన్ డ్రైవర్ చెప్పింది చాలామంది చెప్పేదే, నేను కూడా చిన్నప్పుడు అదే నమ్మాను. కానీ నిజం కాదమ్మా. 1955 జనవరిలో కాంగ్రెస్ మహాసభ జరిగింది ఆవడిలోనే, సోషలిస్టు తరహా సమాజం అనే తీర్మానం అక్కడే చేసారు, పెద్దవాళ్ళకి ఆవడి తీర్మానం అంటే వెంటనే గుర్తొస్తుంది. ట్యాంకుల ఫ్యాక్టరీ, అదే హెచ్.వి.ఎఫ్ (హెవీ వెహికల్స్ ఫ్యాక్టరీ), 1961లో మొదలైంది. అంటే ట్యాంకులు రాకముందే ఊరికి పేరుంది, ఆ ఇంగ్లీషు అక్షరాలు తర్వాత ఎవరో బాగా కుదిరాయని అతికించారు.

*రోడ్డు పక్కన దిమ్మె మీద ఏ ట్యాంకు కనబడినా అందరూ పాటన్ అంటారు, పాకిస్తాన్ నుంచి పట్టుకొచ్చాం అంటారు. చాలా చోట్ల బోర్డు కూడా ఉండదు. చూసి గుర్తుపట్టడం ఎలా సార్? (ఇంజనీరింగ్ స్టూడెంట్, పోరూరు)*

బాబూ, పాటన్ అనే పేరు అంతగా నాటుకుపోవడానికి కారణం ఉంది. 1965 సెప్టెంబర్ 8 నుంచి 10 దాకా పంజాబులో ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్ అనే ఊళ్ళో పెద్ద ట్యాంకుల యుద్ధం జరిగింది. మనవాళ్ళు పొలాలకి నీళ్ళు వదిలేసారు, చెరుకు తోటల్లో దాక్కుని కాచుకున్నారు, అమెరికా పాకిస్తాన్‌కి ఇచ్చిన కొత్త పాటన్ ట్యాంకులు బురదలో కూరుకుపోయి కదల్లేకపోయాయి. మన సైనికుడు అబ్దుల్ హమీద్ జీపు మీద బిగించిన 106 ఎం.ఎం. తుపాకీతో వాటిని కొట్టి అక్కడే ప్రాణం వదిలారు, పరమ్ వీర్ చక్ర వచ్చింది. మన వైపు నిలబడి కొట్టిన వాటిలో డెక్కన్ హార్స్ ఒకటి, నిజాం కాలం నుంచి వస్తున్న రెజిమెంటు, వాళ్ళ దగ్గర ఉన్నవి రెండో ప్రపంచ యుద్ధం నాటి షెర్మన్ ట్యాంకులు. అంత పాత బండ్లతో అంత కొత్త బండ్లని ఆపారు, ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు గుండె నిండుతుంది. పట్టుకున్నవి, కొట్టినవి కలిపి 97 అని చెప్తారు. వాటిని భిఖివిండ్ దగ్గర వరసగా నిలబెడితే ఆ చోటుకి పాటన్ నగర్ అని పేరొచ్చింది, తర్వాత అక్కడి నుంచి దేశమంతా కంటోన్మెంట్లకీ ఊళ్ళకీ పంపించారు. అందుకే ప్రతి ట్యాంకూ జనం నోట్లో పాటన్ అయిపోయింది.

గుర్తుపట్టాలంటే ముందు పక్కనుంచి చక్రాలు లెక్కపెట్టు. చైన్ లోపల నేల మీద ఆనే పెద్ద చక్రాలు మాత్రమే, పైనుండే చిన్న రోలర్లు కాదు. ఐదు చక్రాలుండి, మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఖాళీ ఎక్కువగా ఉండి, తల, అంటే తుపాకీ ఉండే పైభాగం, బోర్లించిన మూకుడులా గుండ్రంగా ఉంటే అది రష్యా టీ-54, టీ-55 వంశం. పాటన్ కానే కాదు. ఆరు చక్రాలుంటే పాటన్ కావచ్చు, విజయంత కావచ్చు, బ్రిటన్ సెంచూరియన్ కావచ్చు, అప్పుడు ముందు వైపుకి వెళ్ళి చూడాలి. పడవ అడుగులా నున్నగా గుండ్రంగా పోతపోసిన ముక్కు అయితే ఎం-48 పాటన్. ముక్కు పలకలుగా ఉండి, డ్రైవర్ పక్కన చిన్న మెషిన్‌గన్ కోసం బొడిపె ఉంటే ఎం-47 పాటన్. ఇక తుపాకీ గొట్టం మీద ఒకచోట ఉబ్బుగా డబ్బా లాంటిది ఉంటుంది చూడు, పేల్చాక పొగ లోపలికి రాకుండా బయటికి లాగేది, అది గొట్టం మధ్యలో ఉంటే విజయంత అయ్యే అవకాశం ఎక్కువ, గొట్టం చివర మూతి దగ్గరుంటే టీ-55.

అయినా ఒక చిక్కుంది. 1971లో పాకిస్తాన్ వాడిన టీ-59 అనేది చైనా వాళ్ళు రష్యా టీ-54ని చూసి చేసుకున్నదే. టీ-54లు మన దగ్గర కూడా ఉండేవి. తల మీద కుడిపక్క పుట్టగొడుగు లాంటి గాలి మూత ఉంటే టీ-54 రకం, లేకపోతే టీ-55, అంతవరకే కంటితో చెప్పగలం. ఆ యుద్ధంలో రాజస్థాన్ లోంగేవాలా ఇసకలో ఆగిపోయిందో, మన రెజిమెంటులోనే పాతికేళ్ళు తిరిగి రిటైరయిందో ఇనుము చెప్పదు. బోర్డు చెప్పాలి. నా మట్టుకు నాకు దిమ్మె మీద ట్యాంకు కన్నా పక్కన రాతిపలక మీద నాలుగు లైన్లు ముఖ్యం, ఏ రకం, ఏ సంవత్సరం, ఏ రెజిమెంటు, ఎక్కడి నుంచి ఎవరు పంపారు. ఆ సంగతులు తెలిసిన మనిషి రిటైరై పోయాడంటే ఇంక ఎవరికీ తెలియదు.

*మేం చదివిన స్కూలు ముందు పాత ట్యాంకు ఒకటుంది, మా చిన్నప్పటి నుంచి అక్కడే. ఇప్పుడు బాగా తుప్పు పట్టింది. ఓల్డ్ స్టూడెంట్స్ అంతా డబ్బులేసుకుని పంద్రాగస్టుకి మంచి పెయింట్ కొట్టిద్దాం అనుకుంటున్నాం. ఏ పెయింట్ మంచిది? (తిరువళ్ళూరు నుంచి ఆరుగురు స్నేహితులు)*

మీ ఆరుగురికీ దండం పెట్టాలి, కానీ దయచేసి పెయింట్ డబ్బా ఇప్పుడే కొనకండి.

కొన్నేళ్ళ కింద ఇలాంటిదే ఒకటి చూడ్డానికి వెళ్ళాను, ఊరి పేరు వద్దు. బయటినుంచి పెళ్ళికొడుకులా ఉంది, ఆకుపచ్చ ఎనామిల్ తళతళా మెరుస్తోంది. వాచ్‌మన్ తాతని బతిమాలి పైకెక్కి పైమూత సందులోంచి టార్చ్ వేసి చూసాను. లోపల మోకాలెత్తు నీళ్ళు, నల్లగా, మీద నూనె తెట్టు, అందులో చిప్స్ ప్యాకెట్లు తేలుతున్నాయి. గన్నర్ సీటు స్పంజి ఉబ్బి చీలిపోయింది. వెనక ఇంజన్ జాలీలోంచి రావి మొక్క ఒకటి జానెడు లేచింది. బయట ఏడాదికోసారి పెయింట్ కొడుతూనే ఉన్నారట, లోపల ఏముందో ఒక్కరూ చూడలేదు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినలేకపోయాను.

ట్యాంకుని చంపేది వాననీళ్ళే. మన దగ్గర అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనం ఎలా కురుస్తుందో మీకు నేను చెప్పాలా, దానికి తోడు సముద్రం గాలిలో ఉప్పు. నీళ్ళు మూతల సందుల్లోంచి పోతాయి, ఇంజన్ జాలీల్లోంచి పోతాయి, అన్నిటికన్నా తుపాకీ గొట్టం ఆకాశానికి ఎత్తి పెడతారు చూడండి ఠీవిగా ఉంటుందని, అది గరాటాలా పనిచేస్తుంది, వానంతా గొట్టంలోంచి జారి లోపలికి చేరుతుంది. బండి అడుగున నీళ్ళు పోయే రంధ్రాలుంటాయి, వాటికి మరలు బిగించి ఉంటాయి. బండిని తెచ్చి నున్నటి సిమెంటు దిమ్మె మీద కూర్చోబెట్టేసరికి ఆ మరలు తీసేవాడుండడు, తీసినా చెత్త అడ్డుపడి ఉంటుంది.

కాబట్టి వరస ఇదండి. మొదట ఆ బండి ఎవరిదో కనుక్కోండి, స్కూలుదా, ఆర్మీ ఇచ్చి ఉంచిందా, వాళ్ళ దగ్గర కాగితం మీద అనుమతి తీసుకోండి, అది లేకుండా స్పానర్ కూడా పెట్టొద్దు. తర్వాత ఫోటోలు, అన్ని పక్కలా, చిన్న రేకు ముక్క మీద అంకె కనబడినా సరే. తర్వాత నీళ్ళు బయటికి, లోపల చెత్త బయటికి, ఎండాకాలంలో నెల రోజులు ఆరనివ్వండి. గొట్టం మూతి గట్టిగా మూసి, వీలైతే కాస్త కిందికి దించమని అడగండి. పిల్లలు దూరకుండా మూతలు వెల్డింగ్ చేయించేస్తారు చాలామంది, అందులో తప్పు లేదు, కానీ గాలి ఆడే దారి, అడుగున నీళ్ళు పోయే దారి వదిలి చేయించాలి, లేకపోతే లోపల చెమట పట్టి ఇంకా తొందరగా పోతుంది.

పాత బండ్లలో మీటర్ల ముళ్ళు చీకట్లో మెరవడానికి రేడియం పూసేవాళ్ళు. ఆ అద్దాలు పగలగొట్టకూడదు, గీకకూడదు, సావనీరని ఇంటికి అసలే తీసుకెళ్ళకూడదు. బ్రేకుల్లో, గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, అది కూడా కదపొద్దు.

పెయింట్ చివర. అది కూడా గ్రైండర్ పెట్టి మొత్తం గీకించకండి, ఎందుకంటే పైన ఎనామిల్ కింద పాత రంగు ఉంటుంది, దాని కింద రెజిమెంటు గుర్తు ఉండొచ్చు, నంబరు ఉండొచ్చు. ఒక మూల అరచేయంత మేర సన్న ఎమరీతో మెల్లగా రుద్ది చూడండి, పొరలు పొరలుగా కనిపిస్తాయి, ప్రతి పొరా ఫోటో తీయండి. తుప్పు ఆపే ప్రైమర్ వేసి, మెరుపు లేని రంగు వేయించండి. చక్రాల రబ్బరు మీద మాత్రం రంగు వద్దు. మూడు రంగుల జెండా వేయిద్దామా అని ఉత్తరం చివర రాసారు, వద్దండి, జెండాకి స్తంభం ఉంది కదా, బండిని బండిలా ఉండనివ్వండి. డబ్బు మిగిలితే బోర్డుకి ఖర్చు పెట్టండి.

*మా నాన్నగారు ఆవడి ఫ్యాక్టరీలో చేసేవారు. విజయంత గురించి ఇంకొంచెం రాయగలరా? ఇవన్నీ ఒకచోట ఎక్కడ చూడొచ్చు? (పేరు రాయలేదు, విల్లివాక్కం)*

మా మేనమామ కూడా అక్కడే వెల్డరండి, అందుకని మీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. ఆయుధ పూజ రోజు మమ్మల్ని తీసుకెళ్ళేవాడు, తుపాకీ గొట్టానికి బంతిపూల దండ, చైన్ మీద పసుపు కుంకుమ, బండి ముందు పగలగొట్టిన బూడిద గుమ్మడికాయ. ఆ వాసన ఇంకా ముక్కులో ఉంది. విజయంత బ్రిటన్ వికర్స్ కంపెనీ డిజైను, 39 టన్నులు, 105 ఎం.ఎం. తుపాకీ, నలుగురు మనుషులు. 1965 నుంచి ఆవడిలో తయారై, 1971 యుద్ధంలో పనిచేసింది. లేలాండ్ ఇంజను కొంచెం పేచీలు పెట్టేదని మా మామయ్య అనేవాడు. తర్వాత అక్కడే టీ-72, ఆ తర్వాత అర్జున్.

ఒకచోట చూడాలంటే మహారాష్ట్ర అహ్మద్‌నగర్, ఇప్పుడు అహిల్యానగర్ అంటున్నారు, అక్కడి కావల్రీ ట్యాంక్ మ్యూజియం. 1994లో పెట్టారు. రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ మీద కట్టిన కవచం కారు నుంచి జపాన్ చిన్న ట్యాంకు దాకా ఉన్నాయి, విజయంత కూడా ఉంది. నాన్నగారిని తీసుకెళ్ళగలిగితే తీసుకెళ్ళండి.

*మా మనవడు ట్యాంకు ఎక్కి ఫోటో దిగుతానని ఒకటే గొడవ. మనుషుల్ని చంపిన బండి మీద పిల్లల్ని ఎక్కించి నవ్వమనడం నాకు మనసొప్పడం లేదు. నాది చాదస్తమా? (ఒక అమ్మమ్మ, మైలాపూరు)*

చాదస్తం కాదండి అమ్మమ్మగారూ. ఎక్కించొద్దు, మే నెల ఎండలో ఆ ఇనుము మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కుతాయి, అదొకటి. కానీ చూపించండి.

అరుణ్ ఖేత్రపాల్ అని 21 ఏళ్ళ కుర్రాడు, 1971 డిసెంబర్ 16న పాకిస్తాన్‌తో యుద్ధంలో బసంతర్ దగ్గర మంటలంటుకున్న సెంచూరియన్‌లోంచి దిగనని, తన తుపాకీ ఇంకా పనిచేస్తోందని చెప్పి అందులోనే పోయాడు. ఆ బండి పేరు ఫామగుస్తా, దాన్ని బాగుచేసి అహ్మద్‌నగర్‌లోనే ఉంచారు. ఫ్రాన్సులో ఫ్లెస్కియేర్ అనే ఊళ్ళో డెబొరా అనే బ్రిటిష్ ట్యాంకు ఉంది, 1917లో దెబ్బతింటే ఊళ్ళోనే పాతిపెట్టేసారు, 1998లో తవ్వి తీసారు. దాన్నిప్పుడు ఉంచిన మ్యూజియం పక్కనే శ్మశానం, ఆ రోజు అందులో పోయినవాళ్ళ సమాధులు అక్కడే ఉన్నాయి.

మీ మనవణ్ణి బండి ముందు వైపుకి తీసుకెళ్ళి, డ్రైవర్ దిగే మూత చూపించండి. మనింట్లో పిండివంటలు చేసే పళ్ళెం కన్నా పెద్దగా ఉండదు. మంటలొస్తే ఒక మనిషి అందులోంచే బయటికి రావాలి నాన్నా అని చెప్పండి. తర్వాత వాడు ఫోటో అడిగితే, పక్కన నిలబెట్టి తీయండి.