ఉపవాసాలతో తీరే బాకీ కాదు ఇది

దేవరకొండ దగ్గరి పల్లె నుంచి రాసిన చెల్లెమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆరేళ్ల కింద పత్తి అమ్మిన డబ్బుల్లోంచి, అత్త పెట్టెలో ఉన్నవి, పదిహేను వేలు తీశావు, అనుమానం తోటికోడలి మీదికి పోయింది, నువ్వు నోరు విప్పలేదు. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం ఉపవాసం, అప్పు చేసి మరీ దశమభాగం, అంటే సంపాదనలో పదో వంతు చర్చికి, అయినా ప్రభువు బల్ల రోజున, యేసు మరణాన్ని తలుచుకుని సంఘమంతా రొట్టె పంచుకునేటప్పుడు, ప్లేటు చేతికి రాగానే తినకుండా పక్కామెకు అందించేస్తున్నావు. ఇప్పుడు బాబుకు టైఫాయిడ్ వస్తే ఇది నా పాపానికి శిక్షే అని టెన్షన్‌తో నిద్ర పోవడం లేదు.

శిక్ష కాదమ్మా. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి పాపం ఇతనిదా, కన్నవాళ్లదా అని శిష్యులు అడిగితే ఎవరిదీ కాదన్నాడు యేసు. టైఫాయిడ్ పాడైన నీళ్లతో, తిండితో వస్తుంది.

బాబుకు థర్మామీటర్ పెట్టే ఉంటావు కదా, అది జ్వరం ఎంతుందో చెప్తుంది, తగ్గించదు. ధర్మశాస్త్రం, అంటే మోషే ద్వారా దేవుడిచ్చిన ఆజ్ఞలు, వాటి పనీ అంతే అని అపొస్తలుడు పౌలు రోమా సంఘానికి రాసిన పత్రిక 3వ అధ్యాయంలో రాశాడు, పాపం అంటే ఏమిటో దానివల్ల తెలుస్తుంది, దాన్ని పాటించి దేవుడి ముందు ఎవరూ నీతిమంతులు కాలేరు. లూకా సువార్త 18లో యేసు చెప్పిన కథలో పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే యూదుడు, ప్రార్థనలో చెప్పుకున్నవి చూడు, వారానికి రెండు ఉపవాసాలు, సంపాదనలో పదో వంతు. నువ్వు పట్టుకున్నవీ అవే! పన్నులు వసూలు చేసే సుంకరి మాత్రం దూరంగా నిలబడి, రొమ్ము కొట్టుకుని, పాపిని, కరుణించు అన్నాడు, నీతిమంతుడుగా తీర్చబడి ఇంటికి పోయింది అతనే. మంచివాడయ్యాక ఇచ్చిన తీర్పు కాదది. క్రీస్తు మన పాపం మోశాడు కాబట్టి, నమ్మినవాళ్లకు ఉచితంగా దొరికే తీర్పు.

మరి డబ్బులు తిరిగి ఇవ్వక్కర్లేదా అంటావు, ఇవ్వాలి. సుంకరి జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు, కానీ యేసు అంతకుముందే నీ ఇంట్లో ఉంటానన్నాడు, ఆ వరస మర్చిపోకు. అత్తమ్మ ఇప్పుడు లేదు కాబట్టి మీ ఆయనకు ముందు చెప్పి, ఇద్దరూ కలిసి తోటికోడలి దగ్గరికి వెళ్లండి. నా లెక్కలో ఆ పదిహేను వేల కంటే పెద్ద బాకీ ఆమె పేరు, ఆరేళ్లు మోసింది పాపం, అందుకని నాలుగు గోడల మధ్య చెప్పి వదిలేయకు, అప్పుడు ఆమెను అనుమానించిన ఇంటివాళ్లందరి ముందూ చెప్పు. ఆమె తిట్టొచ్చు, మాట్లాడటం మానేయొచ్చు, ఓర్చుకో. దశమభాగానికి అప్పు మాత్రం ఇక చేయకు, ఆ డబ్బు కూడబెట్టి ఆమెకు ఇవ్వు.

ఇక బల్ల దగ్గర, తన్ను తాను పరీక్షించుకుని తినమన్నాడు పౌలు, పరీక్షించుకుని పక్కకు పంపమనలేదు. ఈసారి ప్లేటు వచ్చినప్పుడు తీసుకో.

బాబుకు జ్వరం దిగినా మందులు మధ్యలో ఆపొద్దు, డాక్టర్ రాసినన్ని రోజులు వేయించు, నీళ్లు కాచి ఇవ్వు.