నెబ్యులాలో దాగిన పసి నక్షత్రాలను ఇన్‌ఫ్రారెడ్‌లో ఎలా గుర్తిస్తారు?

హబుల్ అంతరిక్ష టెలిస్కోపు 1995లో తీసిన ఈగిల్ నెబ్యులా (అంతరిక్షంలోని ఓ ధూళి, వాయువుల మేఘం) ఫోటోలో ధూళి స్తంభాలు గట్టి రాళ్లలా కనిపిస్తాయి. అదే చోటును 2022లో జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు ఇన్‌ఫ్రారెడ్‌లో చూస్తే అవి పలచబడి, లోపలా వెనకా బోలెడన్ని చుక్కలు బయటపడ్డాయి. స్తంభాలు అవే, చూసిన కాంతి వేరు.

అక్కడి ధూళి రేణువులు చాలావరకు మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా చిన్నవి. మన కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం 0.4 నుంచి 0.7 మైక్రాన్లు, అంటే ఇంచుమించు ఆ సైజే. అందుకే తగిలి చెదిరిపోతుంది. అంతకన్నా పొడవైన పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) తరంగాలు చాలావరకు దాటి వచ్చేస్తాయి.

అసలు చిక్కు ఆ తర్వాతే. కనిపించిన ప్రతి చుక్కా పసిది కాదు, చాలావి వెనకెక్కడో ఉన్న పాత నక్షత్రాలు. కొత్తగా పుట్టిన నక్షత్రం చుట్టూ మాత్రం ధూళి, వాయువు పళ్లెంలా తిరుగుతుంటాయి. ఆ ధూళి వేడెక్కి పరారుణంలో వెలుగుతుంది. కాబట్టి ఒక్కో చుక్కను వేర్వేరు తరంగదైర్ఘ్యాల్లో కొలుస్తారు. మామూలు నక్షత్రం వెలుగు 3 మైక్రాన్లు దాటాక బాగా పడిపోతుంది. పసిదైతే 8, 24 మైక్రాన్ల దగ్గర కూడా ఉండాల్సిన దానికన్నా ఎక్కువ చూపిస్తుంది. 2003లో అంతరిక్షానికి వెళ్లిన స్పిట్జర్ టెలిస్కోపు ఒరాయన్ నక్షత్రమండలం ప్రాంతంలో ఇలాగే వేలాది పసి నక్షత్రాలను పట్టింది. అయితే దూరపు గెలాక్సీలు, ధూళి కక్కే ముసలి నక్షత్రాలు కూడా ఇలాగే మోసం చేస్తాయి, వాటిని ఏరి పారేయాలి.

దీనికి అంతరిక్షం దాకా ఎందుకంటే, నేలమీద గాలిలోని నీటి ఆవిరి పరారుణాన్ని మింగేస్తుంది, పైగా వెచ్చటి గాలి తనే వెలుగుతుంది. అందుకే టెలిస్కోపు కూడా తన వేడితో వెలగకూడదు; వెబ్‌లో పొడవైన పరారుణ తరంగాలను చూసే మిరి పరికరాన్నైతే 7 కెల్విన్‌ల (సుమారు మైనస్ 266 డిగ్రీల సెల్సియస్) కన్నా తక్కువకు చల్లబరుస్తారు. అన్నట్టు, ఫోటోల్లోని రంగులు మనం చూసుకోవడానికి తర్వాత అద్దినవే.